కుంచము మొదలు కంప్యూటరు వఱకు



పంటను పంచుకొనుటకును, పొలము నమ్ముటకును, అప్పు తీర్చుటకును కొలతయే ఆధారము. కావుననే మన పూర్వులు గణితమునకు ముందు కొలతల పరిభాషను నేర్పిరి. తొమ్మిదవ శతాబ్దివాడగు మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమును పరిభాషతోనే యారంభించెను. పావులూరి మల్లన దానిని తెనిగించెను. మా పితామహులు నాచే వల్లెవేయించిన పట్టిక నాకింకను కంఠస్థము: నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి.

పట్టిక సరియైనదే, చిక్కు పేర్లలో నుండెను. చెన్నపట్టణపు సేరు 24 తులములు. ఉత్తరదేశపు సేరు 80 తులములు. ఒక యూరి కుంచము పొరుగూరి కుంచముతో సరిపడకుండుటయు గలదు. ఇట్టి భేదముల నడంచుటకై 1956లో తూనికలు కొలతల ప్రమాణ శాసనము వెలువడెను. 1958 అక్టోబరు మొదలుకొని కిలోగ్రాము క్రమముగా అంగళ్లలో ప్రవేశించెను. పాత కొలతలు బజారును విడిచినవి గాని, మన పెట్టెలలోని పత్రములను విడువలేదు.

ఒక కొలతను మఱియొక కొలతలోనికి మార్చు పని నేడు కంప్యూటరు చేయుచున్నది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బుట్టిన యునిక్స్ వ్యవస్థలో 1970వ దశకముననే ‘యూనిట్స్’ అను చిన్న సాధనము చేరెను. పిమ్మట ఏడ్రియన్ మారియానో అను నతడు దానిని క్రొత్తగా రచించెను. అది గ్నూ యూనిట్స్ అను పేర ఎల్లరకు ఉచితముగా లభించుచున్నది. ఉబుంటు వంటి వ్యవస్థగల యంత్రమున ‘సూడో ఆప్ట్ ఇన్‌స్టాల్ యూనిట్స్’ అని వ్రాసినచో నది వచ్చి చేరును. అందు బొమ్మలు లేవు, అక్షరములతోనే సంభాషణ. “నీయొద్ద నున్నదేమి?” యని ఇంగ్లీషున నడుగును, తులమనవలెను. “నీకు వలసినదేమి?” యని మరల నడుగును, గ్రామన్నచో, 11.66 చిల్లర యని బదులు చెప్పును.

దీని బలమంతయు ఒక పట్టికలో గలదు. అందు మూడువేలకు పైగా కొలతలున్నవి. సేరనగా 14,400 గ్రెయినులు, దానిలో 80వ వంతు తులము అని యందున్నది. అది ఉత్తరదేశపు సేరు. మన సేరు నెఱుగగోరిన, ఇంటి సంచయమున ‘డాట్ యూనిట్స్’ అను పత్రము నుంచి, వేఱొక పేరు పెట్టి, అది 24 తులములని ఒక వరుస వ్రాయవలెను. వీశె 120 తులములని వ్రాసినచో, సుమారు 1400 గ్రాములని తేల్చును. దేశదేశముల నాణెముల విలువలు దినదినము మారునవి గనుక, వానిని ‘యూనిట్స్ కర్’ అను ఉపసాధనముచే అప్పుడప్పుడు సరిచేసికొనవలెను.

కుంచమును కిలోగ్రాములలో జెప్పుమన్నచో మాత్రము ఈ సాధనము నిరాకరించును. ఒకటి పాత్ర పట్టు పరిమాణము, రెండవది తూకము. కుంచెడు వడ్లును కుంచెడు కందులును సమముగా దూగవని మీరెఱుగుదురు గదా!

ఇట్టి జాగ్రత్త చిన్నది కాదు. 1999 సెప్టెంబరు 23న అమెరికావారు పంపిన నౌక యొకటి కుజగ్రహము చెంత నశించెను. ఒక పక్షమువారు పౌనులలో నిచ్చిన లెక్కను, రెండవ పక్షమువారు న్యూటనులలోని దానినిగా గ్రహించుటయే కారణము. అంక్లెలు సరియైనవే, కొలత పేరు తప్పినది.

యంత్రము తనకు వ్రాసియిచ్చిన దానినే యెఱుగును. మీ యూరి కుంచ మెంతయో ఎవ్వరును వ్రాయకున్నచో, ఏ యంత్రమును చెప్పజాలదు. మీ మనుమలు తాతల పత్రమును చదివియు అర్థము గ్రహింపజాలరు. కావున అటకమీది పాత కుంచమును దింపి, లీటరు పాత్రతో నీరు పోసి కొలువుడు. అంచునకు సరిగా కొలిచెడివారో, పైన రాశిగా పోసి కొలిచెడివారో పెద్దల నడిగి, ఊరి పేరుతో గూడ వ్రాసి, ఆ కాగితమును పత్రములతో భద్రపఱచుడు. ఎఱిగినవా రుండగనే యీ పని కావలెను.