పడిగె గుడ్డ, డోర్నకల్ స్తంభము: మన సంఘచరిత్రకు కళాచరిత్ర అధ్యయనపు అవసరత

పరిచయం

వేదాంత కళాశాలలో మనము వచనమును వివరించడం నేర్చుకొంటాము గాని, వస్తువును చదవడం నేర్చుకోము. ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున సేవచేసే వారికి ఇది చిన్న లోటు కాదు. ఇక్కడి ప్రజల చరిత్రలో చాలా భాగము కాగితము మీద లేదు. గుడ్డ మీద, రాతి మీద, పాటలో ఉంది.

ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలలో మూడేళ్ల డిగ్రీ తరువాత కళాచరిత్ర, కళాసిద్ధాంతములలో ఆనర్స్ అనే మరొక సంవత్సరము ఉంటుంది. విద్యార్థి ఆ ఏడాది సిద్ధాంతము చదివి, ఒక అంశముపై పరిశోధనా వ్యాసము రాస్తాడు. మన దేశములోనూ 2020 జాతీయ విద్యా విధానము నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీకి దారి తెరిచింది. అటువంటి ఒక సంవత్సరము మన సంఘచరిత్రకు ఏమి ఇవ్వగలదో పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశము.

మిషనరీ రాసినది, కోయలు కుట్టినది

19వ శతాబ్దములో గోదావరి నౌకాయాన పనులకై దుమ్ముగూడెం వచ్చిన ఇంజనీరు అధికారి హేగ్ ప్రోత్సాహముతో, చర్చి మిషనరీ సొసైటీ కోయల మధ్య పని ఆరంభించింది. అక్కడ దీర్ఘకాలము సేవచేసిన రెవ. జాన్ కెయిన్ 1876లో ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో ఈ ప్రాంతమును గూర్చి రాశారు. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథము కోయలను గూర్చి ఆయన రాతలపై ఎంతో ఆధారపడింది. ఇవి విలువైన ఆధారములే. అయితే ఇవి బయటివాడు రాసినవి.

కోయలు తమను గూర్చి తాము చెప్పుకొన్నది పడిగెలో ఉంది. పడిగె అంటే బొమ్మలు అతికి కుట్టిన త్రికోణాకారపు గుడ్డ. మూడవ గట్టు, నాల్గవ గట్టు, ఐదవ గట్టు అని కోయల వంశములు విడివిడిగా ఉన్నాయి. పడిగెలోని బొమ్మలు ఆ వంశపు వేల్పులను, మూలపురుషులను చూపుతాయి. డోలీలు ఆ కథను పాడి వినిపిస్తారు. బొమ్మ, పాట కలిస్తేనే చరిత్ర పూర్తి అవుతుంది.

మూడు ప్రశ్నలు

కళాచరిత్రకారుడు ఎర్విన్ పనోఫ్‌స్కీ 1939లో బొమ్మను మూడు మెట్లలో చదవమన్నాడు. కంటికి కనబడేది ఏమిటి? అది ఎవరి కథ? ఆ కాలపు ప్రజల ఏ లోకదృష్టి దానిలో దాగి ఉంది? వాక్యవివరణ నేర్చిన మనకు ఇది కొత్త పద్ధతి కాదు. కాని పడిగెను చూడగానే మనము ఈ మూడింటినీ దాటి, ఇది విగ్రహమా కాదా అనే ప్రశ్న ఒక్కటే అడుగుతాము.

అదే 1939లో, జనవరి 6న, డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠించబడింది. 1912లో అభిషేకము పొందిన ప్రథమ భారతీయ ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య దానిని కట్టించారు. అందులో గుమ్మటములు, మీనారులు, దక్షిణాది దేవాలయ పద్ధతి స్తంభములు, సిలువ ఒక్కచోట కనబడతాయి. సొలొమోను మందిర స్తంభములపై తామరపూల పని ఉన్నట్లు 1 రాజులు 7లో చదువుతాము. రూపము వేరు, ఆరాధన వేరు అని గ్రహించిన పెద్దలు మనకు లేకపోలేదు.

ఇత్తడి సర్పము

అయితే పడిగె కేవలము అలంకారము కాదు, దానికి పూజ జరుగుతుంది. ఈ చిక్కును దాచకూడదు. సంఖ్యాకాండము 21లో మోషే దేవుని ఆజ్ఞతో చేసిన సర్పమును, 2 రాజులు 18లో హిజ్కియా పగులగొట్టాడు, ఎందుకంటే జనులు దానికి ధూపము వేశారు. వస్తువు పోయింది గాని కథ పోలేదు. అది రాయబడి ఉంది గనుకనే యోహాను 3లో ప్రభువు దానిని ఎత్తి చూపగలిగాడు.

నా సేవ తొలినాళ్లలో బాప్తిస్మము పొందిన ఒక కుటుంబము తమ ఇంట ఉన్న వేల్పు గుడ్డను తెచ్చి అప్పగించింది. ప్రార్థించి కాల్చివేశాము. వారు పూజ మానుటను గూర్చి నేడు కూడా నాకు సందేహము లేదు. కాని ఆ బొమ్మలు ఎవరివని ఆ ఇంటి పెద్దాయనను నేను అడగలేదు, ఒక్క పేరు రాసుకోలేదు. కొన్నేళ్లకు ఆయన మనుమడు తమ పూర్వికులను గూర్చి అడిగితే, నా దగ్గర జవాబు లేకపోయింది.

ముగింపు

కాలము మన కొరకు ఆగదు. 2014లో కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. పోలవరం ముంపు అక్కడి కోయ గ్రామములను కదిలిస్తున్నది. సమ్మక్క సారలమ్మల గాథ పాడిన మణుగూరు ప్రాంత కళాకారుడు సకిని రామచంద్రయ్య 2022లో పద్మశ్రీ పొంది, 2024లో కన్నుమూశారు.

కావున బి.డి. విద్యార్థులలో ఒకరిద్దరైనా ఇట్టి అధ్యయనమునకు ఒక సంవత్సరము ప్రత్యేకించుకొనుట మంచిది. వస్తువును సొంతదారుల నుండి తీసుకొనకుండా, వారి అనుమతితో ఫొటో తీసి, డోలీ పాటను రికార్డు చేసి, పేర్లు రాసి ఉంచవలెను. విశ్వాసి దేనిని విడిచిపెట్టాలో వాక్యము చెబుతుంది. అతడు విడిచినది ఏమిటో రాసి ఉంచే బాధ్యత మాత్రము మనదే.