జెట్ స్కీకి పెట్రోల్ ఎంత పడుతుంది?

విశాఖ రుషికొండ బీచ్‌లోనో, దుబాయ్ సముద్రంలోనో నీళ్లపై దూసుకెళ్లే బైక్‌ని అందరూ జెట్ స్కీ అనే పిలుస్తారు. నిజానికి అది కవాసకీ కంపెనీ బ్రాండ్ పేరు. యమహా బండి పేరు వేవ్‌రన్నర్, బీఆర్‌పీ బండి పేరు సీ-డూ.

వీటికి మైలేజీ లెక్క కిలోమీటర్లలో కాదు, గంటల్లో. పడవలు నడిపేవాళ్లది ఒక పాత లెక్క ఉంది. ఫుల్ థ్రాటిల్‌లో ప్రతి 10 హార్స్‌పవర్‌కి గంటకు ఒక అమెరికన్ గ్యాలన్, అంటే సుమారు 3.8 లీటర్లు. ఈ లెక్కన 90 హార్స్‌పవర్ సీ-డూ స్పార్క్ గంటకు 34 లీటర్ల దాకా తాగుతుంది. దాని ట్యాంకేమో 30 లీటర్లే. కవాసకీ అల్ట్రా 310కి 78 లీటర్ల ట్యాంకు ఉన్నా, హ్యాండిల్ పూర్తిగా నొక్కి పట్టుకుంటే గంట కూడా రాదు. ఈ లెక్క కాస్త ఎక్కువే చూపిస్తుంది. తక్కువ చూపించడం కంటే అదే నయం.

ఇంత ఎందుకు తాగుతుంది? నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు చిక్కన. రోడ్డు మీద కారుని వదిలేస్తే కొంతదూరం దొర్లుతుంది, నీళ్లలో ఆ వీలు లేదు. బండి నెమ్మదిగా ఉన్నప్పుడు నీటిలో మునిగి నడుస్తుంది, వేగం పెరిగాక పైకి లేచి జారుతుంది. ఈ రెండింటి మధ్య, ముక్కు పైకెత్తి నీటిని తోసుకుంటూ పోయే దశలో పెట్రోల్ దండగ. పైకి లేచి నిలకడగా జారే వేగం, సుమారు గంటకు 40 నుంచి 50 కిలోమీటర్లు, అన్నిటికంటే పొదుపు. అప్పుడు బండిని బట్టి లీటరుకు 2 నుంచి 4 కిలోమీటర్లు రావచ్చు. ఫుల్ స్పీడ్‌లో పెద్ద బండ్లకు ఒకటిన్నర కూడా కష్టమే.

పాత టూ-స్ట్రోక్ కార్బ్యురేటర్ బండ్లు ఇంకా ఘోరం. పోసిన పెట్రోల్‌లో పావు వంతు దాకా కాలకుండానే నీళ్లలోకి పోయేది. అందుకే అమెరికాలోని టాహో సరస్సులో 1999లో ఇలాంటి ఇంజన్లను నిషేధించారు. 2002లో యమహా ఎఫ్ఎక్స్140తో ఫోర్-స్ట్రోక్ ఇంజన్లు వచ్చాయి, పరిస్థితి మారింది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఈ తేడా ముందు చూసుకోవాలి, చవకగా వచ్చిన పాత బండి పెట్రోల్ బంకులో బదులు తీర్చుకుంటుంది.

బాగా నడుస్తున్న బండికి ఉన్నట్టుండి ఖర్చు పెరిగితే ముందు పంప్ చూడాలి. ఇంపెల్లర్‌కీ దాని చుట్టూ ఉండే వేర్ రింగ్‌కీ మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండదు. లోతులేని చోట స్టార్ట్ చేస్తే ఇసుక లోపలికి లాగి ఆ రింగ్ అరిగిపోతుంది. అప్పుడు ఇంజన్ అరుస్తుంది గానీ వేగం రాదు. కనీసం మూడడుగుల నీళ్లు ఉన్నాకే స్టార్ట్ చేయడం మంచిది.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. బంకుల్లో ఇప్పుడు దొరికేది ఎక్కువగా ఇథనాల్ 20 శాతం కలిపిన ఈ20 పెట్రోల్. ఈ బండ్ల కంపెనీలు చాలావరకు 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్‌లో శక్తి తక్కువ, పైగా అది తేమను పీల్చుకుంటుంది. వారాల తరబడి నీళ్ల పక్కన నిలబెట్టిన బండికి అది అసలే మంచిది కాదు. సొంత బండి ఉన్నవాళ్లు మాన్యువల్ చూసి గానీ ట్యాంకు నింపకూడదు.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, మధ్యలో పెట్రోల్ అయిపోవడం ప్రమాదం. ఈ బండ్లకు మలుపు తిప్పేది వెనక నుంచి వచ్చే నీటి ధారే. ఇంజన్ ఆగితే హ్యాండిల్ తిప్పినా బండి మళ్లదు. ఒడ్డు నుంచి సముద్రం వైపు గాలి వీస్తుంటే అది లోపలికే కొట్టుకుపోతుంది. అందుకే ట్యాంకులో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు తిరిగి రావడానికి, మిగతాది అత్యవసరానికి అని లెక్క పెట్టుకుంటారు. ఎదురుగాలి, అలలు, వెనక ఇంకొకరు కూర్చున్న బరువు, వీటన్నిటికీ ఆ చివరి భాగంలోంచే పోతుంది. పెట్రోల్ పోశాక సీటు ఎత్తి, లోపల వాసన లేదని చూసుకున్నాకే స్టార్ట్ బటన్ నొక్కాలి.