దవడలోని రాచపుండు – దానిని లెక్క కట్టిన వారు

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల మన వారికి ఆకు వక్క కొత్త గాదు. పేరంటానికి వచ్చిన ముత్తైదువకు తాంబూలము ఇవ్వనిదే మనకు మర్యాద కాదు గదా! అయితే ఆకు వక్కకు పొగాకు చేర్చి, ఆ ముద్దను దవడలో అదిమి పెట్టుకొని రాత్రి అట్లే నిద్రపోయే అలవాటు పూర్వపు కోలారు జిల్లా స్త్రీలలో చాల కాలముగా ఉన్నది. (2007లో చిక్కబళ్ళాపురము జిల్లా వేరుపడక మునుపు ఈ మూడు ఊళ్ళూ ఆ జిల్లాలోనివే.) బుగ్గ లోపలి రాచపుండు, అనగా క్యాన్సరు, ఇక్కడి ఆడవారిలో హెచ్చుగా కనిపించుటకు వైద్యులు చెప్పే కారణము ఇదే. దానిని గుర్తించే విద్య ఎట్లు పెరిగినదో ఈ ఉగాది సంచికలో కొంత వ్రాయదలచినాము.

రోగము జీవకణములలోనే పుట్టునని జర్మనీ వైద్యుడు విర్చో 1858లో తన గ్రంథములో చెప్పినాడు. అనుమానమున్న చోట చిన్న కండ ముక్క తీసి చూచుట తరువాత వాడుక అయినది. ముక్కను మైనములో పోసి, మిల్లీమీటరులో వెయ్యింట నాలుగైదు వంతుల మందమున పొరలు కోసి, గాజు పలక మీద రంగు వేస్తారు. కణము నడిమి బీజమునకు నీలిరంగు ఇచ్చే హెమటాక్సిలిన్ మెక్సికో వైపు పెరిగే ఒక చెట్టు చేవ నుంచి వచ్చినది. బీజము ఉబ్బి, నల్లబడి, వంకరటింకరగా ఉంటే అనుమానమే. 1941లో బొంబాయిలో తెరచిన టాటా మెమోరియల్ ఆసుపత్రిలో ఖనోల్కరు గారు ఇట్టి పలకలు చూచియే నోటి క్యాన్సరును గురించి 1940లలో వ్రాసినారు.

అయినా కన్ను అలసిపోవును. దినమంతా అంకెలు చూచే మా బోటి గుమాస్తాలకు ఇది వేరే చెప్పనక్కర లేదు. అమెరికాలో 1950లలో సైటోఅనలైజర్ అను యంత్రము చేసి చూచినారు. అది మంచి కణములను కూడ రోగమని చూపుచుండుటచే విడిచిపెట్టినారు. 1966లో జూడిత్ ప్రూవిట్ అను ఆమెయు, మెండెల్సన్ అను ఆయనయు కణపు చిత్రమును చుక్కలుగా విడదీసి, ఒక్కొక్క చుక్క నలుపును అంకెగా మార్చి, రక్తకణముల జాతులను లెక్కతోనే వేరుచేయవచ్చునని చూపినారు. నేటి యంత్రములకు కొలతలు కూడ నేర్పనక్కర లేదు. వైద్యులు తేల్చిన చిత్రములు వేలకొలది చూపితే పోలికలు అవే పట్టుకొనును.

మనకు దగ్గరి సంగతి బెంగుళూరిది. అక్కడి మజుందార్ షా క్యాన్సరు కేంద్రము వారు, కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున రూపొందిన చిన్న సూక్ష్మదర్శినిని వాడి చూచి 2019లో ఫలితములు ప్రకటించినారు. కత్తి లేదు, కుంచె వంటి దానితో బుగ్గ లోపల రుద్ది కణములు తీయుట. ఆ చిత్రము దూరమున ఉన్న వైద్యునికి పోవును. యంత్రపు లెక్క కూడ చేర్చినప్పుడు క్యాన్సరు ఉన్నవారిలో 100కి 93 మందిని, క్యాన్సరుగా మారబోయే తీవ్రమైన మచ్చలలో 100కి 73ను పట్టగలిగినది. ఆ 73 చాలదని మా అభిప్రాయము. తప్పిన 27 ఎవరి ఇంటి తల్లులవో! కనుకనే చివరి మాట నేటికీ కండ ముక్కదీ, దానిని చూచే వైద్యునిదీ.

చింతామణికి 2013లో బ్రాడ్ గేజి రైలు వచ్చినది. బాగేపల్లికి ఇంకను రైలు లేదు. చిత్రమునకు రైలు అక్కర లేదు గాని, ముసలమ్మ నోరు తెరచి చూపవలె గదా! బుగ్గలో తెల్లమచ్చ, కారము తింటే మంట, మూడు వారములైనా మానని పుండు – ఇవి చూపించుకోవలసిన గురుతులు. చూపించుటకు కోలారు పక్క టమకలో దేవరాజ్ అర్స్ వైద్య కళాశాల ఆసుపత్రియు, బెంగుళూరులో 1973లో ఏర్పడిన కిద్వాయి ఆసుపత్రియు కలవు.