ఒకే అట్ట మీద రెండు ఫోటోలు ఎందుకు?

పాత ట్రంకు పెట్టెల్లో ఒక్కోసారి ఒకే అట్ట మీద పక్కపక్కనే అంటించిన రెండు ఫోటోలు దొరుకుతాయి. చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. "ఒకటి చాలు కదా" అని మధ్యకి కత్తిరించబుద్ధి అవుతుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ రెండూ ఒకటి కాదు.

చిన్న టెస్టు చేయండి. బొటనవేలు ముఖం ముందు పెట్టి, ఒక కన్ను మూసి ఇంకో కంటితో, తర్వాత మార్చి చూడండి. వెనక గోడ మీద వేలు పక్కకి జరిగినట్టు ఉంటుంది. మన కళ్ల మధ్య సుమారు 6.5 సెంటీమీటర్ల ఎడం ఉంది. అందుకే ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ అందుతుంది. ఆ తేడానే మెదడు లోతుగా మార్చి చూపిస్తుంది. నా ఉద్యోగంలో రెండు స్క్రీన్‌షాట్లకి తేడా వస్తే బగ్ అంటాం. ఇక్కడ తేడానే అసలు సమాచారం!

దీన్ని రుజువు చేసినాయన ఇంగ్లండుకి చెందిన చార్లెస్ వీట్‌స్టన్. రెండు అద్దాలతో చేసిన స్టీరియోస్కోపు గురించి 1838లో రాయల్ సొసైటీకి వివరించారు. ఫోటోగ్రఫీ ఇంకా లోకానికి తెలియని రోజులవి. అందుకని గీతల బొమ్మలే వాడారు. అదీ మంచికే అయింది. నీడలూ రంగులూ లేని వట్టి గీతలు కూడా లేచి నిలబడ్డాయంటే, లోతు ఆ తేడాలోంచే వచ్చిందని తేలిపోయింది.

1849లో డేవిడ్ బ్రూస్టర్ అద్దాల బదులు కటకాలు పెట్టారు. మేం కన్నడ బడిలో మసూర అని చదివినవి ఇవే. 1851 లండన్ ప్రదర్శనలో విక్టోరియా రాణికి అది నచ్చింది. అక్కడినుంచి జనం ఇళ్లలోకి వచ్చేసింది. 1861లో అమెరికా డాక్టరు ఆలివర్ వెండెల్ హోమ్స్ చేత్తో పట్టుకునే రకం తయారుచేసి, పేటెంటు తీసుకోలేదు. ఇక ఎవరైనా చేసి అమ్ముకోవచ్చు. మన దేశమూ ఆ అట్టల మీదికెక్కింది. జేమ్స్ రికాల్టన్ తీసిన భారతదేశపు బొమ్మలతో 1907లో అమెరికాలో పుస్తకమే వచ్చింది. 1984లో మలయాళంలో వచ్చిన త్రీడీ సినిమా 'మై డియర్ కుట్టిచాత్తన్'కి కళ్లజోడు ఇచ్చిందీ ఇందుకే: ఏ కంటి బొమ్మ ఆ కంటికే చేరాలి.

మీ ఇంట్లో అలాంటి అట్ట ఉంటే, ముందువైపు ఉన్న స్తంభాన్నో మనిషినో రెండు ఫోటోల్లోనూ పోల్చి చూడండి. వెనక గోడతో పోలిస్తే కాస్త జరిగి ఉంటే అది స్టీరియో జతే. రెండూ కలిపే స్కాన్ చేయండి, ఎడమ కుడి మార్చకండి. ఒక ముక్క పోయిందంటే మిగిలేది మామూలు ఫోటోనే. తాతలనాటి వాకిలి లోతు ఆ రెండో ముక్కతోనే పోతుంది.