చైన్‌సా ముక్కు ఎవరి చేతిలో ఉంది? 58 కిలోల మిషన్ నుంచి మన చింతమొద్దు దాకా

ఎప్పుడూ రాజుల గురించో, యుద్ధాల గురించో మాట్లాడుకుంటాం కదా. ఈ ఎపిసోడ్ మాత్రం ఒక మిషన్ గురించి. మీ ఊళ్ళో దాన్ని కోత మిషన్ అంటారేమో, చెట్లు కోసే మిషన్ అంటారేమో. అసలు పేరు చైన్‌సా.

ఇప్పుడు ఇదెందుకు అంటారా? పోయిన వారం మా అన్నయ్య ఫోన్ చేశాడు. అన్నయ్యంటే మా పెదనాన్నగారి అబ్బాయి. ఉండేది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. పెళ్ళి వంటలవాళ్ళకీ, హోటళ్ళకీ కట్టెలు కొట్టించి పంపుతుంటాడు. "ఒరేయ్, కొత్త మిషన్ కొందామనుకుంటున్నాను. బ్లేడు ఎంత పొడుగుది తీసుకోమంటావు?" అని అడిగాడు. మామూలు ప్రశ్నే. కానీ నాకు వెంటనే ఆయన ఎడమ భుజం మీద ఉన్న కుట్ల గుర్తు కళ్ళముందు మెదిలింది.

2014 అక్టోబర్ 12. హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. మా వైపు వాళ్ళు ఎవరూ మర్చిపోలేరు. ఆ గాలికి పెదనాన్న దొడ్లో చింతచెట్టు వేళ్ళతో సహా కూలిపోయింది. మొదలు దగ్గర అడ్డంగా కొలిస్తే 30 అంగుళాలు. దారికి అడ్డంగా పడింది. అన్నయ్య ఎక్కడినుంచో ఒక మిషన్ తెచ్చాడు. 58 సీసీ ఇంజను, 22 అంగుళాల బార్. మనవాళ్ళు బ్లేడు అంటారు చూడండి, చైన్ చుట్టూ తిరిగే ఆ పొడుగాటి పలక, దాన్నే బార్ అంటారు. పొడుగు బార్ అయితే పని తొందరగా అవుతుందని ఆయన లెక్క.

మొదలు మీద పెట్టాడు. బార్ మొత్తం చెక్కలో దిగేసరికి ఇంజను గొణగడం మొదలెట్టింది. చైన్ నెమ్మదించింది, పొగ వచ్చింది, పొట్టు నల్లబడింది. సరేలే, ముందు కొమ్మలు కోద్దామని అటు తిరిగాడు. 12 అంగుళాల కొమ్మ మీద 22 అంగుళాల బార్. మిగిలిన 10 అంగుళాలు కొమ్మకి అవతలవైపు పొడుచుకొచ్చాయి. అక్కడ ఇంకో కొమ్మ ఉంది, ఆయనకి కనపడలేదు. బార్ ముక్కు దానికి తగిలింది. అంతే! మిషన్ ఒక్కసారి పైకి లేచి వెనక్కి తన్నింది. అది భుజంతో పోయింది కాబట్టి సరిపోయింది. ఇంకో జానెడు ఇటు జరిగుంటే మెడ.

మిషన్‌లో లోపం లేదండి. అది ఆ మొద్దుకీ నప్పలేదు, ఆ కొమ్మకీ నప్పలేదు. ఎందుకు నప్పలేదో తెలియాలంటే కొంచెం వెనక్కి, రెండు వందల ఏళ్ళకి పైగా వెనక్కి వెళ్ళాలి.

వినడానికి వింతగా ఉంటుంది గానీ, చైన్‌కి రంపపు పళ్ళు పెట్టాలన్న ఆలోచన అడవిలో పుట్టలేదు, పురిటి గదిలో పుట్టింది. 1780లలో స్కాట్లాండ్‌లో జాన్ ఐట్‌కెన్, జేమ్స్ జెఫ్రే అని ఇద్దరు డాక్టర్లు. గడియారం గొలుసులాంటి సన్నటి చైన్, దానికి చిన్న పళ్ళు, రెండు కొసలా రెండు పిడులు. కాన్పు కష్టమైనప్పుడు తల్లి కటి ఎముకల కీలు కోయడానికి, పాడైపోయిన ఎముక తీసేయడానికి వాడేవారు. అప్పటికి మత్తుమందు కూడా లేదు. తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. తర్వాత 1830లో జర్మనీలో బెర్న్‌హార్డ్ హైనే అనే ఆయన ఒక పలక చుట్టూ చైన్ తిరిగేలా, పక్కన చేత్తో తిప్పే హ్యాండిల్‌తో ఎముకలు కోసే పరికరం చేశాడు. ఆ బొమ్మ చూస్తే మీరే అంటారు, ఇది చిన్న చైన్‌సాయే కదా అని.

మరి చెట్ల దగ్గరికి ఎప్పుడొచ్చింది? అమెరికాలో కాలిఫోర్నియా తీరంలో రెడ్‌వుడ్ అని మహావృక్షాలు ఉన్నాయి. మనుషులు చుట్టూ చేతులు కలిపి నిలబడ్డా అందనంత లావు. వాటిని ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని లాగే పొడుగాటి రంపంతో రోజుల తరబడి కోసేవారు. ఆ బాధ చూసి శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన శామ్యూల్ బెన్స్ అనే ఆయన ఆగకుండా తిరిగే చైన్ రంపానికి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. ఆలోచన బాగుంది, కానీ అడవిలోకి మోసుకెళ్ళగలిగే ఇంజను కావాలి కదా.

అది జర్మనీలో దొరికింది. 1926లో ఆండ్రియాస్ స్టీల్ కరెంటుతో నడిచే చైన్‌సా చేశాడు. బరువు 48 కిలోలు. మరుసటి ఏడు, 1927లో ఎమిల్ లెర్ప్ పెట్రోలు మిషన్ చేసి తురింగియా ప్రాంతంలో డోల్మార్ అనే కొండ మీద పరీక్షించాడు. ఆ కొండ పేరే తర్వాత కంపెనీ పేరయింది. బరువు? 58 కిలోలు! 1929లో స్టీల్ పెట్రోలు మిషన్ వచ్చింది, అది 46 కిలోలు. అంటే దాదాపు ఒక సిమెంటు బస్తా ఎత్తుకుని చెట్టు కోయడమన్నమాట.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. అంత బరువు ఒక్కడు మోయలేడు కాబట్టి అవి ఇద్దరు మనుషుల మిషన్లు. ఒకడు ఇంజను వైపు పట్టుకునేవాడు. రెండోవాడు? బార్ అవతలి కొసన ఇంకో పిడి ఉండేది, అక్కడ పట్టుకునేవాడు. అంటే బార్ ముక్కు ఎప్పుడూ ఒక మనిషి చేతిలో ఉండేది. అది ఎక్కడుందో, దేనికి తగులుతుందో చూసే కళ్ళు అక్కడ ఉండేవి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అల్యూమినియం, చిన్న ఇంజన్లు, ఎటు వంచినా ఆగకుండా పనిచేసే కార్బురేటర్లు వచ్చాయి. 1949లో అమెరికాలో మెకల్లక్ కంపెనీ 11 కిలోల చిల్లర మిషన్ తెచ్చింది. ఆ కంపెనీ ఓనరు రాబర్ట్ మెకల్లక్కే 1968లో లండన్ బ్రిడ్జిని కొని, రాయీ రాయీ విప్పించి అరిజోనా ఎడారిలో కట్టించాడు, అది ఇంకో ఎపిసోడ్‌కి సరిపడా కథ. 1950లో స్టీల్ ఒక్క మనిషి మిషన్ 16 కిలోలు. 1959లో అదే కంపెనీ కాంట్రా మోడల్ 12 కిలోలు. ఇప్పుడు 60, 70 సీసీ మిషన్ బార్ లేకుండా 6 కిలోల చుట్టూ ఉంటోంది.

58 నుంచి 6. గొప్ప విషయమే. కానీ బరువుతో పాటు ఇంకొకటి కూడా పోయింది చూశారా? రెండో మనిషి పోయాడు. బార్ ముక్కు దగ్గర పిడి పోయింది. ఆ ముక్కు ఇప్పుడు గాలిలో ఒంటరిగా ఉంది. దాని పై సగం చెక్కకి తగిలితే చైన్ పళ్ళు కోయలేక పట్టుకుంటాయి, ఆ వేగమంతా మిషన్‌ని మన మీదకి తిప్పుతుంది. కిక్‌బ్యాక్ అంటారు దీన్ని. రెప్ప వేసేలోపు అయిపోతుంది. 1970ల మొదట్లో చైన్ బ్రేక్ వచ్చింది. ముందు పిడి ఎదురుగా ఉండే ఆ ప్లాస్టిక్ అడ్డు అదే. చేతికి తగలగానే చైన్ ఆగుతుంది. అంటే కంపెనీలు ఆ రెండో మనిషి లేని లోటుని కొంత పూడ్చాయి. పూర్తిగా కాదు.

చైన్ గురించి కూడా ఒక మాట. మొదట్లో వచ్చిన చైన్లకి చేతిరంపం లాంటి పళ్ళే ఉండేవి, చెక్కని గీకేవి. వాటికి పదును పెట్టడమే పెద్ద పని. 1946లో ఒరెగాన్‌లో జో కాక్స్ అనే కట్టెకోత మనిషి ఒక మోడు మీద చెక్కపురుగు పిల్లని చూశాడు. చూపుడువేలంత పురుగు, నిలువుగానూ అడ్డంగానూ తేడా లేకుండా చెక్కని తినేస్తోంది. జాగ్రత్తగా గమనిస్తే, దాని దవడలు ఒకటి ఎడమకి, ఒకటి కుడికి కొరుకుతున్నాయి. అదే పద్ధతిలో ఒక పన్ను ఎడమకి, ఒక పన్ను కుడికి వంచి చైన్ చేశాడు. 1947లో పోర్ట్‌లాండ్‌లో ఇంటి కింది గదిలో వ్యాపారం మొదలెట్టాడు. మీ ఊళ్ళో మిషన్ చైన్ చూడండి, ఈ రోజుకీ పళ్ళు ఒకటి ఎడమ, ఒకటి కుడి. పురుగు దగ్గర నేర్చుకున్న పాఠం అది.

సరే, ఇప్పుడు అన్నయ్య ప్రశ్నకి వద్దాం. ఎంత పొడుగు బార్ తీసుకోవాలి?

మొదట చెక్క సంగతి. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ లావుదే గానీ మెత్తటి చెక్క. మన చింత, నల్లతుమ్మ అలా కాదు. చేవ పట్టిన చింతమొద్దు మీద మటన్ కొట్టువాళ్ళు ఏళ్ళ తరబడి కత్తి వేస్తుంటారు, అయినా అది చెక్కు చెదరదు. అలాంటి చెక్కలో బార్ ఎంత పొడుగ్గా దిగితే అన్ని పళ్ళు ఒకేసారి కొరుకుతుంటాయి. అన్ని పళ్ళనీ లాగే బలం ఇంజనుకి ఉండాలి. లేకపోతే అన్నయ్యకి అయినట్టే పొగ వస్తుంది, పని కాదు.

అందుకే లెక్క ఇలా పెట్టుకోండి. గట్టి చెక్కకి 14 నుంచి 16 అంగుళాల బార్ అయితే 40 సీసీ చుట్టూ ఇంజను చాలు. 18, 20 అంగుళాలకి 50 నుంచి 60 సీసీ కావాలి. 24 అంగుళాల బార్ మొత్తం చేవలో ముంచాలంటే 70 సీసీ లేకుండా వద్దు. 28 దాటితే 90 సీసీ మాట. డబ్బా మీద ఎంత పొడుగు బార్ రాశారన్నది కాదు, ఆ ఇంజను అంత పొడుగుని గట్టి చెక్కలో లాగగలదా అన్నది చూడాలి.

రెండోది, 30 అంగుళాల మొద్దుకి 32 అంగుళాల బార్ అక్కర్లేదండి. ఇది చాలామందికి తెలియదు. పడి ఉన్న మొద్దుని ఒకవైపు నుంచి సగం, అవతలివైపుకి వెళ్ళి మిగతా సగం కోయొచ్చు. 20 అంగుళాల బార్‌తో 30 అంగుళాల చింతమొద్దు హాయిగా తెగుతుంది. మొద్దు బరువుకి గాటు మూసుకుపోయి బార్ ఇరుక్కోకుండా మాత్రం సందులో ప్లాస్టిక్ వెడ్జ్ దిగ్గొట్టాలి. బార్ పొట్టిదైతే ముందువైపు బరువు తగ్గుతుంది, సాయంత్రానికి నడుం పట్టేయదు. పదును పెట్టాల్సిన పళ్ళూ తక్కువే.

మూడోది, కొమ్మలకి ఇంకా పొట్టి బార్. 12 అంగుళాల కొమ్మకి 14, మహా అయితే 16. కోసే చెక్క కంటే రెండు అంగుళాలు ఎక్కువ ఉంటే చాలు. మిగతాదంతా అవతలవైపు కనపడకుండా తిరిగే ముక్కే. చాలా మిషన్లకి రెండు సైజుల బార్లు మార్చి వేసుకోవచ్చు. బార్ మారిస్తే చైన్ కూడా దానికి తగ్గదే ఉండాలి. పిచ్, గేజ్, కింది పళ్ళ లెక్క, మూడూ కలవాలి. ఈ మూడూ మామూలుగా బార్ మీదే చెక్కి ఉంటాయి. కొట్టుకి వెళ్ళేముందు ఫోన్‌లో ఫోటో తీసుకెళ్ళండి.

ఇక ఆకురాయి. చైన్ పదునుగా ఉంటే చెక్క చిన్న చిన్న పెచ్చులుగా పడుతుంది. మెత్తటి పొడి పడుతోందంటే పదును పోయినట్టే. మిషన్ మీద బలం పెట్టి నొక్కకండి, ఆగి ఆకురాయి పట్టండి. అన్నయ్య ఆ రోజు నొక్కాడు. లుంగీ, హవాయి చెప్పులు వద్దు. హెల్మెట్, కళ్ళకి అడ్డు, గట్టి బూట్లు, దొరికితే చైన్‌సా ప్యాంటు. ఇంకో సంగతి, నిలబడి ఉన్న చెట్టయితే మీ పొలంలోదైనా సరే కొట్టేముందు వాల్టా చట్టం కింద అనుమతి సంగతి కనుక్కోండి.

ఇదంతా అన్నయ్యకి ఫోన్‌లో చెప్పాను. 60 సీసీ పైన ఇంజను, 20 అంగుళాల బార్, కొమ్మలకి విడిగా 16 అంగుళాల బార్. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "పొట్టిది పట్టుకెళితే కుర్రాళ్ళు నవ్వుతారేమోరా" అన్నాడు. "నవ్వనీ అన్నయ్యా. ఒకప్పుడు ఆ ముక్కు పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉండేవాడు. ఇప్పుడు లేడు. అది నువ్వు చూడగలిగినంత దూరంలోనే ఉండాలి" అన్నాను. సరే అన్నాడు. మర్నాడు కొట్టు దగ్గరనుంచి బార్ ఫోటో పంపాడు. దాని మీద 20 అని ఉంది.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఈ మిషన్‌తో బతికేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో లండన్ బ్రిడ్జి ఎడారికి ఎలా వెళ్ళిందో చూద్దాం.