రామనగర్‌లో 11 నెలలు

1921 మే నెల మొదలవుతుండగా చీరాల, పేరాల ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఉప్పెన రాలేదు, కలరా తగల్లేదు. జంట ఊళ్ళ జనాభా 15 వేలకు అటూ ఇటూ. అందులో దాదాపు 13 వేల మంది తట్టాబుట్టా సర్దుకుని, పిల్లల్ని చంకనేసుకుని పొలిమేర దాటారు. అవతల ఖాళీ జాగాల్లో పాకలు వేసుకుని, ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. నడివేసవి, పైగా సముద్రపు వారగా ఉన్న ఇసుక నేల. వాళ్ళను అక్కడికి నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యకు అప్పటికి 32 ఏళ్ళు నిండలేదు.

తగువంతా పన్ను దగ్గర మొదలైంది. అప్పటిదాకా రెండు ఊళ్ళూ కలిసి యూనియన్‌గా ఉండేవి. ఏడాదికి వసూలయ్యే పన్ను నాలుగు వేల రూపాయలు. మద్రాసు ప్రభుత్వం వాటిని మునిసిపాలిటీ చేసింది. దాంతో పన్ను ఒక్కసారిగా 40 వేలకు ఎగబాకింది. ఊళ్ళో ఎక్కువమంది నేతగాళ్ళు, చిన్న రైతులు. చీరాల రుమాళ్ళు ఓడలెక్కి పరదేశాలకు పోయేవి గానీ, వాటిని నేసినవాడి ఇంట్లో కాసులు నిలిచేవి కావు. మాకు మునిసిపాలిటీ వద్దు మొర్రో అని జనం అర్జీలు పెట్టుకున్నారు. సర్కారు వినలేదు. పన్ను కట్టబోమని జైలుకు పోయినవారిలో ఒక స్త్రీ కూడా ఉంది.

గోపాలకృష్ణయ్య పుట్టింది కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో. ఎడింబరో వెళ్ళి ఎం.ఏ. చదివాడు. కళా విమర్శకుడు ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని ‘అభినయ దర్పణం’ను ఇంగ్లీషు చేశాడు. 1917లో ఆ పుస్తకాన్ని హార్వర్డ్ విశ్వవిద్యాలయం అచ్చువేసింది. రాజమండ్రిలో, బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పి, చివరికి చీరాల చేరాడు.

ఆయన నోరు మెదపని ముని కాదు. మాటకారి, గడుసువాడు, ఆశువుగా చాటువులు చెప్పి సభను నవ్వించగల దిట్ట. ఆయన కూడగట్టిన రామదండులో వెయ్యిమంది దాకా వాలంటీర్లు. కాషాయ గుడ్డలు, మెడలో రుద్రాక్షలు, నుదుట కుంకుమ. వీధిలో నడిచి వస్తుంటే జనం తలుపులు తీసి చూడాల్సిందే. అహం లేని నాయకుడు గొంతు తగ్గించి మాట్లాడాలని, మూలన ఒదిగి కూర్చోవాలని అనుకునేవారికి దుగ్గిరాల కొరుకుడు పడడు. అభినయ శాస్త్రాన్ని తరచి చూసినవాడికి వేషానికీ మనిషికీ ఉన్న దూరం తెలియకుండా ఉండదు. ఆట రక్తి కట్టాలంటే కిరీటం పెట్టుకోక తప్పదు. తెర పడ్డాక దాన్ని పెట్టెలో పెట్టేయాలి. దండుకు పేరు రాముడిది, పాకల ఊరికీ రాముడిదే. తన పేరు దేనికీ పెట్టుకోలేదు.

1921 మార్చి నెలాఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన జనసందోహాన్ని అదుపులో ఉంచిన వాలంటీర్లలో రామదండు కూడా ఉంది. ఆ వెంటనే, ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చాడు. ఊరివాళ్ళ ముందు రెండు దారులు పెట్టాడు. చేయి చేసుకోకుండా పన్ను ఎగ్గొట్టి, వచ్చిన శిక్ష అనుభవించడం ఒకటి. మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోవడం రెండోది. ఊరే లేకపోతే ఇక పన్ను ఎవరి మీద వేస్తారు? ఏ దారి పట్టాలో ఆయన తేల్చి చెప్పలేదు, కాంగ్రెస్ అండ చూసుకుని దిగవద్దని మాత్రం హెచ్చరించాడు. కష్టం పడబోయేది వాళ్ళు గనుక నిర్ణయమూ వాళ్ళదే కావాలన్నది ఆ మాటల సారం. చీరాల రెండో దారి ఎంచుకుంది.

ఇల్లు వదలడం రైతుకు ఎంత కష్టమో నేతగాడికి అంతకు రెట్టింపు. గుంటమగ్గాన్ని భుజాన వేసుకుని పోవడానికి వీల్లేదు. విప్పిన మగ్గాన్ని నిలబెట్టాలంటే కొత్త చోట మళ్ళీ గుంట తవ్వాలి, మళ్ళీ పడుగు చాచాలి. అన్నాళ్ళూ కూలి ఉండదు. అయినా జనం వచ్చారు. రామనగర్‌లో అన్ని కులాల ప్రతినిధులతో ఒక సభ ఏర్పడింది. తగవులు తీర్చడానికి పంచాయతీ కోర్టు పెట్టుకున్నారు. పాత ఊరి ఇళ్ళకు తాళాలు పడి ఉన్నాయి, మునిసిపాలిటీ కాగితాల మీద మాత్రం నడుస్తోంది.

వేసవి దాటింది. వానలొచ్చాయి. తాటాకు కప్పు ఎండను ఆపినంత బాగా వానను ఆపదు. తెచ్చుకున్న గింజలు అడుగంటాయి. అన్ని వేలమందికి తిండి, గూడు చూడాలంటే విరాళాలు కావాలి. విరాళాల కోసం గోపాలకృష్ణయ్యే బయలుదేరాడు. బరంపురంలో ఆంధ్ర మహాసభ జరుగుతోంది. అక్కడ మాట్లాడకూడదని సర్కారు ఉత్తర్వు ఇచ్చింది. ఆయన లెక్కచేయలేదు. ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు.

ఈ కథలో లోతుగా చూడవలసిన చోటు ఇదే. దుగ్గిరాల కీర్తి తన ఖాతాలో వేసుకోలేదు. కానీ ఊరిని నిలబెట్టే పనుల్లో బరువైనది, డబ్బు పోగు చేసే పని, ఆయన భుజం మీదే ఉండిపోయింది. సభ ఉంది, కోర్టు ఉంది, దండు ఉంది. నాలుగు ఊళ్ళు తిరిగి, నవ్వించి, ఒప్పించి జోలె నింపగల రెండో మనిషి మాత్రం తయారు కాలేదు. పేరును పక్కన పెట్టడం ఒక ఎత్తు, తాను లేకపోయినా పని సాగేలా చూడడం మరో ఎత్తు. మొదటిది ఆయన చేసి చూపాడు. రెండోదానికి సర్కారు ఆయనకు వ్యవధి ఇవ్వలేదు.

ఆయన జైలుకు పోయాక కూడా జనం వెంటనే చెదిరిపోలేదు. నెలలు గడిచాయి. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తర్వాత గాంధీ సహాయ నిరాకరణను ఆపేశాడు. దేశమంతా ఉద్యమం చల్లబడింది. మొత్తం 11 నెలల పాకల కాపురం తర్వాత జనం తమ పాత గుమ్మాలు తొక్కారు. మునిసిపాలిటీ మునిసిపాలిటీగానే ఉంది.

జైలు నుంచి వచ్చాక గోపాలకృష్ణయ్య కాంగ్రెస్ పనిలోనే కొనసాగాడు. చేతిలో పైసా నిలవలేదు, ఒంట్లో క్షయ చేరింది. 1928 జూన్ 10న, 39వ పుట్టినరోజు వెళ్ళిన ఎనిమిది రోజులకు కన్నుమూశాడు. జనం ఆయనకిచ్చిన ‘ఆంధ్రరత్న’ బిరుదు తర్వాతి కాలంలో విజయవాడ కాంగ్రెస్ కార్యాలయానికి పేరయింది. ఆయన కట్టించిన పాకల ఊరికి మాత్రం చివరిదాకా రాముడి పేరే ఉంది.