సినిమా ప్రతిలో నిలువుగీత

అచ్చుపుటలోని గీతలూ గళ్లూ కంపోజిటరు గొడవేననీ, సాహిత్య చరిత్రకారుడికి వాటితో పని లేదనీ మన విమర్శకులు భావిస్తారు. తెలుగు సినిమా ప్రతిని చూస్తే ఈ అభిప్రాయం నిలవదు.

మన సినీరచనలో కాగితాన్ని నిలువునా రెండుగా చీల్చి రాసే సంప్రదాయం వుంది. ఎడమవైపు కంటికి కనబడేది: స్థలం, నటుల కదలిక. కుడివైపు చెవికి వినబడేది: సంభాషణ, ధ్వని. హాలీవుడ్ ప్రతిలో అంతా ఒకే వరుస. పాత్ర పేరు పెద్దక్షరాల్లో పుట మధ్యకు జరుగుతుంది. మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అనే భేదమే లేదు. కనుక ఏది మాటో, ఏది చర్యో చెప్పే భారం స్థానం మీదనే పడుతుంది.

ఈ గీత శ్రమ విభజనకు కూడా గుర్తు. 1938 నాటి 'మాలపిల్ల'కు కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. 1957 నాటి 'మాయాబజార్'కు స్క్రీన్‌ప్లే కె.వి.రెడ్డిది, మాటలు పింగళి నాగేంద్రరావువి. జనం నాలుక మీద బతికింది కుడివైపు సగం. ఎడమ సగాన్ని పట్టించుకున్నవారు తక్కువ. వెండితెర నవల వచ్చి, రెంటినీ ఒకే వచనంలో కలిపి గీతనే చెరిపేసింది.

కంప్యూటరు వచ్చాక గీత పని పట్టికకు అప్పగించబడింది. పత్రికల్లోలాగా కాలమ్‌లు పెడితే చాలదా? చాలదు. అక్కడ ఎడమ కాలమ్ నిండాకగాని రాత కుడికి పోదు. ఒక వాక్యం చేర్చామా, మాట తన దృశ్యాన్ని వదిలి జారిపోతుంది. పట్టికలో షాటుకొక అడ్డువరుస. ఏ గడి పెరిగినా పక్క గడి దానితోపాటే సాగుతుంది. అడ్డువరుస పుట చివర విరగకుండా కట్టడి చెయ్యవచ్చు. అప్పుడు కింద కొంత కాగితం ఖాళీగా మిగులుతుంది, మిగలనివ్వండి.

అసలు చిక్కు మరొకటి. పట్టికకు స్థానం తెలుసు, అర్థం తెలియదు. 'ఇది సంభాషణ' అనే సంగతి మన కంటికే గాని యంత్రానికి కాదు. ఫైనల్ డ్రాఫ్ట్ వంటి సాధనం ప్రతి పేరాకూ జాతి పేరు పెడుతుంది. ఒక పాత్ర మాటలన్నీ వేరుచేసి ఇవ్వగలదు. పట్టికతో ఆ పని జరగాలంటే, గడిలోని పేరాకు 'మాట', 'చర్య' అని స్టైలు పేరు పెట్టాలి.

ఇంతలో లిపి సమస్య. తెలుగుకు 1991లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది. అయినా మన డి.టి.పి. చాలాకాలం అను ఫాంట్ల మీద నడిచింది. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే గళ్లు పదిలంగా వుంటాయి, వాటిలోని తెలుగు పిచ్చిగీతలవుతుంది.

జూబ్లీహిల్స్‌లో కథాచర్చ ముగిశాక ప్రతి దిగువన రహమత్ నగర్, కృష్ణానగర్ వంటి బస్తీల్లోని టైపు మనిషి చేతికి రావచ్చు. సీను మారిన ప్రతిసారీ అడ్డువరుసలు చీల్చేదీ, కలిపేదీ అతనే. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి, గడిగడికీ పేరు పెట్టటం కూడా అతనికి తెలిసిన పనే. నిర్మాతలు దానికి కూలి కట్టి యిస్తే, రెండు సగాలూ కలిసివున్న ప్రతులు పరిశోధకులకు దక్కుతాయి.